అనంతపురంలో పాతకాలపు ఇత్తడి బందులు ఎక్కడ దొరుకుతాయి? పొద్దున్నుంచీ పెట్టె మూత పడి చావడం లేదు

అవ్వపెట్టె (అనంతపురం):
పొద్దున ఎనిమిదికి కూర్చున్నా, ఇప్పుడు సాయంత్రం ఐదు. మా అవ్వ పెట్టె ఆస్తి పంపకాల్లో పెద్దనాయన వాళ్లకు పోయింది. చెల్లెలి పెళ్లికి అచ్చం అలాంటిదే చేయించి ఇద్దామని ఫోన్లో ఫొటో చూపిస్తే ఆచారి చెక్కపని బ్రహ్మాండంగా చేశాడు. మూతను పెట్టెకు కలిపే బందుల దగ్గరికి వచ్చేసరికి "గాడి తీసి పెట్టినా, మీరే తెచ్చి బిగించుకోండి" అని వేరే ఊరి పనికి వెళ్లిపోయాడు. పాత ఊర్లో ఐదు షాపులు తిరిగా. ఎక్కడ చూసినా స్టీలువే, లేకపోతే నల్ల పెయింటు కొట్టి యాంటిక్ అని చెప్పేవి. చివరికి ఒక చోట ఇత్తడివి దొరికితే రెండంగుళాలవి తెచ్చి బిగించా. మూత వేస్తే వెనక పట్టేస్తోంది, ముందు అర అంగుళం లేచే ఉంటోంది. గట్టిగా నొక్కితే స్క్రూలు ఊడొస్తున్నాయి. పాత పెట్టెకు సరిపోయేవి ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పండి. పెళ్లి ఇంక పన్నెండు రోజులే. టెన్షన్‌గా ఉంది.

రంపంపొట్టు:
మూత మందం ఎంత?

కడప మాస్టారు:
నాయనా, ముందు ఒక మాట. మీరు చెప్పేదాన్ని బట్టి అది పెట్టె కాదేమో, భోషాణం అయ్యుంటుంది. ఇద్దరు పట్టుకొని లేపగలిగితే పెట్టె. నలుగురు పట్టినా కదలకపోతే భోషాణం. రెండోది, మీరు బందు అంటున్నదాన్ని కీలు అనాలి. బందు అంటే కట్టు. మాట సరిగ్గా ఉంటే వస్తువూ సరిగ్గా దొరుకుతుంది.

బురుజు నీడ (కర్నూలు):
సార్, మా కర్నూల్లో షాపుకు పోయి కీలు కావాలంటే ఎముకల డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. ఇక్కడ కబ్జా అంటేనే తీసిస్తారు.

కడప మాస్టారు:
కబ్జా అంటే ఆక్రమణ కదండీ.

బురుజు నీడ (కర్నూలు):
రెండూ ఒకటే సార్. పట్టుకుంటే వదలవు.

శేషాచలం:
అన్నా, చెక్క ఏది? ఎర్రచందనం అయితే మాత్రం ఫొటో ఇక్కడ పెట్టొద్దు. పర్మిట్ కాగితాలు లేకుండా ఇంట్లో దుంగ ఉన్నా, దాంతో చేసిన సామాను ఉన్నా ఫారెస్టు వాళ్లకు సమాధానం చెప్పుకోవాలి. మన శేషాచలం, పాలకొండల చెట్టు అది, ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఇంతగా పెరగదు. బయటి దేశాలకు పంపాలన్నా అంతర్జాతీయ ఒప్పందం కింద ఆంక్షలున్నాయి. పెళ్లి ఇంట్లో ఈ గొడవలు ఎందుకు?

అవ్వపెట్టె (అనంతపురం):
ఎర్రచందనం కొనే స్తోమత ఉంటే ఇక్కడెందుకు అడుగుతా అన్నా. పాత ఇంటి వాకిలి తీసేసినప్పటి టేకు అది. నేను అడిగింది బందుల గురించి.

రంపంపొట్టు:
మూత మందం?

అవ్వపెట్టె (అనంతపురం):
ముప్పావు అంగుళం. దానికీ దీనికీ ఏం సంబంధం?

రంపంపొట్టు:
స్క్రూ పొడవు?

అవ్వపెట్టె (అనంతపురం):
అంగుళం. బందులతో పాటు షాపువాడే ఇచ్చాడు.

రంపంపొట్టు:
మూత పైన చెయ్యి పెట్టి తడిమి చూడు. నెమ్మదిగా.

అవ్వపెట్టె (అనంతపురం):
అబ్బా. రెండు మొనలు బయటికొచ్చి ఉన్నాయి. వేలు గీసుకుంది. ఇందులో పట్టుచీరలు పెట్టాలి. ధర్మవరం చీర ఒక్కటి తగులుకుంటే చెల్లెలు నన్ను బతకనివ్వదు.

రంపంపొట్టు:
అర అంగుళంవి వెయ్యి.

వాకిలి గడప (తాడిపత్రి):
మా నాయన వడ్రంగం చేసేవాడు, నేను పదిహేనేళ్లు ఆయన దగ్గరే చేశా. మూత ముందు లేస్తోందంటే బందు తప్పు కాదు, గాడి తప్పు. బందు రేకు మందం ఎంతో గాడి అంతే లోతు ఉండాలి. ఎక్కువ తీస్తే మూత వెనక అంచు, పెట్టె అంచు ముందే ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇంక ముందువైపు పడదు. నువ్వు నొక్కినప్పుడల్లా ఆ బలమంతా స్క్రూల మీద పడి పీక్కొస్తుంది. దీనికి కొత్త బందులు అక్కర్లేదు. ఇంట్లో మిగిలిన శుభలేఖ ఒకటి తీసుకో. రేకు సైజుకు కత్తిరించి గాడిలో కింద పెట్టి మళ్లీ బిగించు. ఒకటి చాలకపోతే రెండు. అలాగే స్క్రూ తలలు రేకు కంటే పైకి లేచి ఉన్నాయేమో వేలితో చూడు, అవి ఒకదానికొకటి తగిలినా ఇదే జరుగుతుంది.

ఊడొచ్చిన బొక్కల్లోకి అగ్గిపుల్లలు జిగురు రాసి దూర్చు. ఆరాక పైన సమంగా కోసేసి కొత్తగా సన్నటి రంధ్రం వేసుకో. ఇత్తడి స్క్రూ మెత్తన, టేకులో నేరుగా తిప్పితే తల తెగి మొండెం లోపలే ఉండిపోతుంది. ముందు అదే సైజు ఇనుప స్క్రూ ఎక్కించి దించు. తర్వాత ఇత్తడిదానికి కొంచెం సబ్బు రాసి ఎక్కించు.

బురుజు నీడ (కర్నూలు):
ఇత్తడివి అంటున్నావు, అయస్కాంతం పెట్టి చూశావా? రేకు మీదే పెట్టు. మధ్యలో పిన్ను ఇనుపది ఉండొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

అవ్వపెట్టె (అనంతపురం):
ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ పెట్టి చూశా. రేకుకు గట్టిగా అతుక్కుంది.

బురుజు నీడ (కర్నూలు):
ఇనుముకు ఇత్తడి పూత. అదీ సంగతి.

ప్రయోగశాల:
ఒకవేళ అసలు ఇత్తడివే దొరికినా, తళతళలాడుతుంటే పెట్టె నిన్నటిదని చూడగానే తెలిసిపోతుంది. చింతపండు పెట్టి తోమొద్దు, ఇంకా మెరుస్తుంది. పైన వార్నిష్ పూత ఉంటే థిన్నర్‌తో తుడిచెయ్యాలి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున కొంచెం అమ్మోనియా ద్రావణం పోసి, బందులు అందులో మునగకుండా పైన వేలాడదీసి మూసేస్తే ఆవిరికే కొన్ని గంటల్లో గోధుమరంగు తిరుగుతాయి. ఆరుబయట చెయ్యండి, ముక్కు దగ్గర పెట్టుకోవద్దు. రోజుల తరబడి మాత్రం ఉంచొద్దు. బ్రిటిష్ కాలంలో మన దేశంలో సైన్యం తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచేవాళ్లు. తూటాల ఇత్తడి గొట్టాలు వాటంతటవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిస్తే అలా పగులుతుందని 1921లో గానీ తేల్చలేకపోయారు. బందులో కూడా రేకును గుండ్రంగా చుట్టిన చోట అదే బిగువు ఉంటుంది.

శేషాచలం:
పెళ్లి పెట్టె అడిగితే తూటాల దాకా వచ్చాం.

ప్రయోగశాల:
వినేవాళ్లు వింటారు.

కడప మాస్టారు:
ఇంతకీ ఆ పాత పెట్టెకు ఉన్న కీళ్లు ఎలా ఉండేవో ఎవరూ అడగలేదు.

అవ్వపెట్టె (అనంతపురం):
ఇప్పుడే ఫొటో పెద్దది చేసి చూశా. రెండు రేకులు కాదు సార్. మూతకు ఒక కడియం లాంటిది, పెట్టెకు ఇంకొకటి, ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. స్క్రూలే లేవు. లోపల కొసలు రెండుగా విడదీసి వంచి కొట్టినట్టుంది.

వాకిలి గడప (తాడిపత్రి):
అది ముందే చెప్పి ఉంటే ఇంత రాసేవాణ్ని కాదు కదప్పా! అది బందు కాదు, చీల కొక్కెం. కమ్మీని మధ్యలో ఉంగరంలా వంచి, రెండు కొసలూ చెక్కలోంచి అవతలికి పంపి, చెరో పక్కకు మడిచి కొడతారు. దీన్ని షాపుల్లో వెతక్కు. కొలిమి ఉన్నచోట కమ్మరికి ఫొటో చూపిస్తే ఒక పూటలో వంచి ఇస్తాడు. టేకు కాబట్టి ఇనుపదైనా పరవాలేదు గానీ తుమ్మ చెక్కకు ఇనుము కొట్టావంటే తడి తగలగానే చుట్టూ నల్లగా మరక తిరుగుతుంది. మూత వెనక్కి పడిపోకుండా లోపల ఒక గొలుసు వెయ్యి, లేకపోతే ఎవడో ఒకడు పూర్తిగా తెరిచి కొక్కేలు పెరికేస్తాడు.

బురుజు నీడ (కర్నూలు):
కమ్మరి దొరక్కపోతే హైదరాబాద్ బేగంబజార్ చూడు, తమిళనాడు కారైకుడిలో పాత ఇళ్ల సామాన్ల వీధి ఉంది. రేకుదే వేసుకునేట్టయితే స్క్రూలు మాత్రం గీత తలవే తీసుకో. ప్లస్ తల స్క్రూ 1930ల్లో వచ్చింది. అవ్వ పెట్టెకు అది కనిపిస్తే నవ్వుతారు.

కడప మాస్టారు:
కొక్కెం అన్నా అది చేసే పని కీలు పనే.

బురుజు నీడ (కర్నూలు):
సరే సార్, మీదే గెలుపు.

అవ్వపెట్టె (అనంతపురం):
కమ్మరి దొరికాడు, ఎల్లుండి రమ్మన్నాడు. పాత గాడికి ఆచారి చెక్క ముక్క అతికిస్తానన్నాడు, రంగు కలుస్తుందో లేదో. థాంక్స్ అందరికీ. వేలికి ప్లాస్టర్ వేసుకొని టైప్ చేస్తున్నా, తప్పులుంటే మాస్టారు క్షమించాలి.

నందికొట్కూరు పిల్లోడు:
అన్నా నాదీ ఇదే ప్రాబ్లం, పూజ మందిరం తలుపు. పూర్తిగా పడడం లేదు. ఏం చెయ్యాలి?

రంపంపొట్టు:
తలుపు మందం ఎంత?