ఆసుపత్రి డాబా మీద సైనికుడుంటే బాంబు వేయొచ్చా? మూట్ ప్రాబ్లమ్‌లో సందేహం

లా_గుంటూరు:
విజయవాడలో మూట్ కోర్టు (లా విద్యార్థుల నమూనా కోర్టు) పోటీకి మెమోరియల్, అంటే లిఖిత వాదన, రాస్తున్నాం. ఇచ్చిన కల్పిత కేసు ఇది: రెండు దేశాల యుద్ధం. అవతలి దేశపు సివిల్ ఆసుపత్రిలో గాయపడ్డ సైనికులున్నారు, వాళ్ల దగ్గర తీసుకున్న రైఫిళ్లు స్టోర్ రూములో ఉన్నాయి. డాబా మీద వాళ్ల సైనికుడొకడు వైర్‌లెస్‌లో తమ ఫిరంగులకు గురి చెబుతున్నాడు. హెచ్చరిక లేకుండా బాంబు పడింది. మేం బాంబు వేసిన వైపు. "ఆసుపత్రికి రక్షణ పోయింది" అన్న ఒక్క వాదన సరిపోతుందా? మా దేశం జెనీవా ఒప్పందాలకు చేర్చిన 1977 మొదటి అదనపు ప్రోటోకాల్‌లో లేదు.

బెజవాడ_వకీలు:
సరిపోదండి. రైఫిళ్ల జోలికే వెళ్లకండి. గాయపడ్డ సైనికులు ఉండటం, వాళ్ల దగ్గర తీసుకుని ఇంకా అప్పగించని చిన్న ఆయుధాలు ఉండటం శత్రువుకు హాని చేసే పని కాదని 1949 నాలుగో జెనీవా ఒప్పందం 19వ ఆర్టికల్‌లోనే ఉంది. అది వాదిస్తే జడ్జి మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

మీ కేసంతా డాబా మీదివాడే. వాడి వల్ల రక్షణ పోవచ్చు, కానీ అదే ఆర్టికల్ ప్రకారం ముందు హెచ్చరిక, వీలైన చోట తగిన గడువు, దాన్ని పట్టించుకోకపోతేనే దాడి. ఆసుపత్రి కిటికీల్లోంచి మీ దళం మీద కాల్పులు జరుగుతుంటే మాత్రం ఆగి చెప్పాల్సిన పనిలేదని వ్యాఖ్యానాలు ఒప్పుకుంటాయి. ఆ క్షణంలో మీవాళ్ల మీద షెల్స్ పడుతున్నాయా? దాన్నిబట్టే మీ వాదన.

ఐహెచ్‌ఎల్_నోట్స్:
రక్షణ పోయినా పని అయిపోదు. లోపల రోగులు, డాక్టర్లు ఉన్నారు కదా, ప్రపోర్షనాలిటీ అడుగుతారు, అంటే సైనిక లాభంతో పోలిస్తే పౌరులకు జరిగే హాని మితిమీరిందా అని. "ప్రోటోకాల్‌లో మేం లేం" అంటే అవతలివాళ్లు వెంటనే ఆచార చట్టం (ఒప్పందంలో లేకపోయినా దేశాలన్నిటికీ వర్తించేది) తీస్తారు: రెడ్‌క్రాస్ కమిటీ 2005 అధ్యయనంలో 14వ నియమం ప్రపోర్షనాలిటీదే, 28వది వైద్య కేంద్రాల రక్షణది. 2015లో ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందుజ్ ఆసుపత్రి మీద అమెరికా దాడిలో 42 మంది చనిపోయారు. అమెరికా కూడా ఆ ప్రోటోకాల్‌లో లేదు, అయినా తమ బలగాలు యుద్ధ చట్టాన్ని పాటించలేదని దాని సొంత సైనిక విచారణే తేల్చింది. ఉద్దేశపూర్వకం కాదు కాబట్టి యుద్ధనేరం కాదంది, అది వేరే ప్రశ్న. ఈ రెండూ కలిపేస్తే మార్కులు పోతాయి.

మీకు అసలు చిక్కు ఆయుధం దగ్గర. ఒక్క మనిషి కోసం బాంబెందుకు, స్నైపర్ చాలడా అంటారు. బాంబు బరువు, కింద ఏ వార్డుంది, రాత్రా పగలా, ఇవన్నీ ప్రాబ్లమ్‌లోంచి ఏరి పెట్టుకోండి. మన 1960 జెనీవా ఒప్పందాల చట్టం మాత్రం తేకండి. 17వ సెక్షన్ కింద ప్రభుత్వమో, అది నియమించిన అధికారో ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు తీసుకుంటుంది. మీ ఫోరం అంతర్జాతీయం, అక్కడ దానితో పనిలేదు.

లా_గుంటూరు:
థ్యాంక్యూ సార్. అతను ఉదయం నుంచీ డాబా మీదే ఉన్నాడని ఉంది, బాంబు సాయంత్రం 4కి పడింది.

బెజవాడ_వకీలు:
అయితే హెచ్చరికకు టైం లేదనడం కష్టం. ఒక్క దారుంది. అతను ఉదయం నుంచి ఉండటం వేరు, అది మీ కమాండర్‌కు తెలియడం వేరు. చట్టం చూసేది నిర్ణయం తీసుకున్నప్పుడు అతని ముందున్న సమాచారాన్నే. డ్రోన్ ఫుటేజీ ఎన్ని గంటలకు అందిందో ప్రాబ్లమ్‌లో వెతకండి. 3.45 అని ఉంటే ఒక మెమోరియల్, మధ్యాహ్నం 12 అని ఉంటే ఇంకోటి.