బయోరిథమ్ చార్టులో గీత సున్నా దాటే రోజు: చూసినవాళ్ళు చెప్పండి

భీమవరం_అమ్మ
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి సీనియర్ ఇంటర్. వాళ్ళ మేనమామ ఫోనులో బయోరిథమ్ (పుట్టిన తేదీని బట్టి మంచిరోజులూ చెడ్డరోజులూ చూపే లెక్క) యాప్ పెట్టి పరీక్ష నెల చార్టు తీసి చూపించాడు. ఎర్రగీత ఒంటికి, నీలంగీత మనసుకి, పచ్చగీత బుద్ధికి అన్నాడు. ఎంసెట్ రోజున (పేరు మార్చినా మా ఇంట్లో ఎంసెట్ అనే అంటాం) పచ్చగీత సరిగ్గా మధ్యగీతని దాటి కిందికి దిగుతోంది. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. గీత కింద ఉండటం చెడ్డదా, దాటటం చెడ్డదా? రెండు గీతలు ఒకే రోజు దాటితే ఏమిటి? పిల్లకి చెప్పాలా వద్దా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కువైట్_బాబాయ్
అమ్మా, కింద ఉండటం విశ్రాంతి, బ్యాటరీ చార్జింగ్ లాంటిది. ప్రమాదమంతా దాటే రోజునే. గీత పైకెక్కి, కిందికి దిగి మళ్ళీ మొదటికి రావడానికి ఒంటికి 23 రోజులు, మనసుకి 28, బుద్ధికి 33. నా దగ్గర కాసియో వాడి బయోలేటర్ కాలిక్యులేటర్ ఉండేది. పుట్టిన తేదీ నొక్కితే మూడు అంకెలు వచ్చేవి. రోజూ డ్యూటీకి వెళ్ళేముందు చూసుకునేవాణ్ణి. ఒక్క రోజు చూడలేదు. ఆ రోజే సారవ మీంచి పడి మడమ విరిగింది. ఆసుపత్రిలో లెక్క వేస్తే ఎర్రగీత, నీలంగీత రెండూ దాటుతున్నాయి. జపాన్‌లో ఓమి రైల్వే వాళ్ళు 1969లోనే తమ బస్సు డ్రైవర్లకి ఈ లెక్క చూసి హెచ్చరిక కార్డులు ఇచ్చారు, ప్రమాదాలు సగానికి తగ్గాయని పుస్తకాల్లో రాశారు. మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఈతగాడు మార్క్ స్పిట్జ్ 7 బంగారు పతకాలు కొట్టినప్పుడు రెండు గీతలు పైనే ఉన్నాయి. నమ్మనివాళ్ళు నమ్మకపోతే పోయేదేం లేదు.

లెక్కల_మాస్టారు
22 ఏళ్ళు ఇంటర్ పిల్లలకి త్రికోణమితి చెప్పినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఇది మూడు సైను వక్రాలు (అలలా ఎక్కి దిగే గీతలు), అంతే. పుట్టినప్పటి నుంచి గడిచిన రోజుల్ని 23తో, 28తో, 33తో భాగించి శేషం చూడటమే. మూడూ మళ్ళీ మొదటి చోటుకి చేరడానికి 23×28×33 = 21,252 రోజులు, అంటే 58 ఏళ్ళ రెండు నెలల పైచిలుకు.

బాబాయ్ గారూ, స్పిట్జ్ లెక్క నేనూ వేశాను. 1950 ఫిబ్రవరి 10న పుట్టాడు. 1972 ఆగస్టు 28కి ఎర్రగీత శేషం 1, నీలంగీత శేషం 3. రెండూ పైకి ఎక్కుతున్నాయి. మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను. ఇప్పుడు నాది వినండి. సచిన్ 1973 ఏప్రిల్ 24న పుట్టాడు. 2010 ఫిబ్రవరి 24న గ్వాలియర్‌లో దక్షిణాఫ్రికా మీద 200 నాటౌట్. మధ్యలో 13,455 రోజులు. 23తో భాగిస్తే శేషం సున్నా! మీ భాషలో ఎర్రగీత దాటే ప్రమాదపు రోజు. నీలంగీత అప్పుడే సున్నా దాటి కిందికి దిగింది. పచ్చగీత దాదాపు అట్టడుగున ఉంది. మూడూ చెడ్డవే. ఆ రోజు ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టేవారా?

ఇంకొకటి. మూడు గీతల్లో ఏదో ఒకటి దాటే రోజు సగటున అయిదింట ఒకటి వస్తుంది. ముందురోజునీ మర్నాటినీ కూడా కలుపుకుంటే సగానికి పైగా రోజులు ప్రమాదపు రోజులే.

తారాబలం_27
మాస్టారూ, మీ లెక్కే తప్పు. పుట్టిన రోజుని ఒకటిగా ఎంచాలి. మనం 11వ రోజు పురుడు, 21వ రోజు బారసాల ఎలా లెక్కపెడతాం? తారాబలం చూసేటప్పుడు జన్మనక్షత్రాన్ని ఒకటి అనుకునే కదా మొదలుపెడతాం, సున్నా అని కాదు. అలా చూస్తే సచిన్‌ది 13,456.

లెక్కల_మాస్టారు
అది వరసలో ఎన్నో రోజు అన్న లెక్క, ఇది ఎన్ని రోజులు గడిచాయి అన్న లెక్క. రెండూ ఒకటి కావు. సైను వక్రం పుట్టిన క్షణాన సున్నా దగ్గర మొదలవుతుంది. అయినా మీ మాటే పట్టుకుని ఒక రోజు జరిపాను. పచ్చగీత శేషం 25, ఇంకా అడుగునే. నీలంగీత ఇంకొంచెం దిగింది. మీకేం ఒరిగింది?

తారాబలం_27
మీ మాట తీరు బాగాలేదు. నేనూ 30 ఏళ్ళుగా పంచాంగం చూస్తున్నాను. తెల్లవారుజామున మూడింటికి పుట్టినవాడికి ఇంగ్లీషు తేదీ మారిపోతుంది, మన లెక్కలో సూర్యోదయం దాకా ముందురోజు వారమే. ఏ తేదీ వేశారో తెలియకుండా గీతలేమిటి? పైగా ఆ 28 చంద్రుడిదీ కాదు. నక్షత్రాలన్నీ తిరిగి రావడానికి ఆయనకి 27 రోజుల ఎనిమిది గంటలు చాలు, పున్నమి నుంచి పున్నమికి 29న్నర. 28 ఎక్కడి నుంచి వచ్చింది?

రాజోలు_కొబ్బరి
28 అంటే సరిగ్గా నాలుగు వారాలు. కాబట్టి నీలంగీత ఎప్పుడు దాటినా మనం పుట్టిన వారం నాడే దాటుతుంది, వారం విడిచి వారం, చచ్చేదాకా. నేను మంగళవారం పుట్టాను. పుట్టిన వారం నాడు తలంటు వద్దని, క్షవరం వద్దని మా నాయనమ్మ అనేది ఇందుకేనేమో. ఎవరైనా గమనించారా?

కువైట్_బాబాయ్
చూశారా! మనవాళ్ళు ఊరికే అనలేదు.

లెక్కల_మాస్టారు
మంగళవారం క్షవరం ఎవరూ చేయించుకోరండి, ఏ వారం పుట్టినా. విషయం దారి తప్పుతోంది.

సింగరేణి_బిడ్డ
నా ముచ్చట జర పూర్తిగ వినుండ్రి. నేను ఆరేండ్లు డైరీ రాసిన. జ్వరమొచ్చిన రోజు, ఇంట్ల కొట్లాట అయిన రోజు, గనిల దెబ్బ తగిలిన రోజు అన్ని రాసి, పక్కకు చార్టు అంటిస్తుంటి. మస్తు కలుస్తుండె. దోస్తులకు గూడ తీసిచ్చిన. ఒకనాడు మా అమ్మ చార్టు చూసి, జూన్ ఒకటేందిరా, నువ్వు సద్దుల బతుకమ్మ నాడు పుట్టినవు గదా అన్నది. బడిల చేర్పించిన్నాడు సారు తన ఇష్టమొచ్చిన తారీఖు రాసిండంట. మా తరగతిల సగం మందికి గదే తారీఖు. పాత పంచాంగం తీయించి అసలు తారీఖు పట్టుకుని ఆరేండ్లకు మళ్ళ చార్టులు గీసిన. మొదటిదానికి ఎక్కడ కొండ ఉన్నదో దీనికక్కడ లోయ. అయినా డైరీ దీనికి గూడ గట్లనే కలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఆరేండ్లు నేను చూసిందేంది?

ఎవరన్న సర్టిఫికెట్ తారీఖుతోటి చూస్తున్నరా? ముందు గది చెప్పుండ్రి.

కువైట్_బాబాయ్
నా తేదీ అసలుదే. మా నాన్న గోడ మీద రాసి పెట్టారు.

ఆస్పత్రి_గూట్లో
ఈ సిద్ధాంతం ఎవరిదో ముందు తెలుసుకోండి. బెర్లిన్‌లో ముక్కు, గొంతు డాక్టరు విల్హెల్మ్ ఫ్లీస్, సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి ప్రాణస్నేహితుడు. 23 మగ లక్షణానికి, 28 ఆడ లక్షణానికి అన్నాడు. ముక్కుకీ ఆడవాళ్ళ జబ్బులకీ ముడిపెట్టి 1895లో ఎమ్మా ఎక్‌స్టైన్ అనే ఆమెకి ముక్కు ఆపరేషన్ చేసి అర మీటరు గాజుగుడ్డ లోపలే వదిలేశాడు. రక్తం పోయి ఆమె చావు అంచుదాకా వెళ్ళింది. 23, 28 కలిపితే 51 కాబట్టి 51వ ఏట పోతానని ఫ్రాయిడ్ భయపడ్డాడు, 83 దాకా బతికాడు. ఆ 33 రోజుల బుద్ధి గీత ఫ్లీస్‌ది కూడా కాదు, 1920ల్లో ఇన్స్‌బ్రుక్‌లో టెల్చర్ అనే ఇంజినీరు కలిపింది. మన పిల్లల పరీక్షని దీనికి కట్టేస్తామా?

లెక్కల_మాస్టారు
ఫ్లీస్ తన పుస్తకాల్లో ఏ సంఖ్య వచ్చినా 23, 28లతో తెప్పించి చూపిస్తాడు. అదేం గొప్ప కాదు. 28×14 = 392, 23×17 = 391. తేడా 1. ఒకటి వచ్చిందంటే కూడికలు, తీసివేతలతో ఏ సంఖ్యనైనా తేవచ్చు. లెక్కల వినోదాలు రాసే మార్టిన్ గార్డ్‌నర్ ఇది ఎప్పుడో చెప్పాడు. 1998లో టెరెన్స్ హైన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అప్పటిదాకా జరిగిన 134 పరిశీలనలు తిరగేసి, ఈ సిద్ధాంతానికి ఆధారం లేదని తేల్చాడు.

కువైట్_బాబాయ్
మరి జపాన్ బస్సులు?

రాజోలు_కొబ్బరి
బాబాయ్, ఇవాళ జాగ్రత్త అని చేతిలో కార్డు పెడితే ఎవడైనా జాగ్రత్తగానే నడుపుతాడు. తప్పు తేదీ కార్డు ఇచ్చినా నడుపుతాడు.

నైట్‌డ్యూటీ_అక్క
14 ఏళ్ళుగా ఐసీయూలో రాత్రి డ్యూటీలు చేస్తున్నాను. ఒంట్లో గడియారం లేదని మాత్రం అనకండి, ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి ఒంటి వేడి బాగా తగ్గి, కళ్ళు తెరిచే ఉన్నా మెదడు మందగిస్తుంది. ఆ వేళ మందు మోతాదు నేను రెండుసార్లు చూసుకుంటాను. అది 24 గంటల లయ, సర్కేడియన్ అంటారు. ఈగల్లో దాని జన్యువుల గుట్టు విప్పినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్‌లకి 2017లో నోబెల్ వచ్చింది. మన మదురైలో చంద్రశేఖరన్ గారు గుహల్లో గబ్బిలాల మీద ఈ పనే చేశారు. ఆ గడియారానికి పుట్టిన తేదీతో పని లేదు, వెలుతురుతో పని.

భీమవరం అక్కా, పాప రాత్రి ఎన్నింటిదాకా చదువుతోంది? మీరు అసలు అది రాయలేదు.

సింగరేణి_బిడ్డ
అక్కా, వారం వారం షిఫ్టు మారేటోళ్ళకు ఏం చెప్తవ్? మొదటి షిఫ్టు అలవాటయ్యేటాల్లకు రాత్రి షిఫ్టు పడ్తది.

నైట్‌డ్యూటీ_అక్క
ఇంటికొచ్చేటప్పుడు నల్లకళ్ళద్దాలు పెట్టుకో తమ్ముడూ, గదికి మందపాటి పరదాలు వెయ్యి. డ్యూటీ చివరి నాలుగు గంటల్లో టీ ముట్టుకోకు. పూర్తిగా పోదు, తగ్గుతుంది.

భీమవరం_అమ్మ
అందరికీ దణ్ణాలండి. సింగరేణి తమ్ముడు రాసింది మూడుసార్లు చదివాను. మా అమ్మాయికీ బడిలో తేదీ మార్చి వేయించాం, వయసు సరిపోదంటే. మేనమామ చూసింది ఆ తేదీతోనే. పిల్లకి చెప్పాలా అని నేను మధనపడుతుంటే, అది ఎప్పుడో మామయ్య ఫోనులో చూసేసిందట. నేను దిగులుపడతానని నాకు చెప్పలేదు. ఇద్దరం కూర్చుని కాసేపు ఏడ్చాం. రాత్రి రెండు దాకా చదువుతోంది అక్కా, ఉదయం పదికి గాని లేవదు. పరీక్ష ఉదయం స్లాటు. ఇంకా 19 రోజులుంది. నిద్ర ముందుకి జరపాలంటే రోజుకి ఎంత చొప్పున జరపాలి?

నైట్‌డ్యూటీ_అక్క
రోజుకి పావుగంట. ముందు లేచే టైము జరపండి, పడుకునేది దానంతటదే వస్తుంది. లేవగానే డాబా మీదికి పంపండి, ఎండ మొహం మీద పడాలి. ఫోను మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి.

కువైట్_బాబాయ్
అమ్మా, అసలు తేదీ ఒకసారి పంపు. చూసి పెడతాను.

భీమవరం_అమ్మ
వద్దు బాబాయ్ గారూ.