సంగీత పత్రిక: సభ గుమ్మంలో ఉచితంగా పంచాలా, చందా కట్టించుకోవాలా?

కచేరీబెంచీ (శుక్రవారం రాత్రి)

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లం ఆరుగురం కలిసి కర్ణాటక సంగీతం మీద తెలుగులో ఒక మాసపత్రిక పెట్టాలనుకుంటున్నాం. వచ్చే డిసెంబర్ కచేరీల సీజన్‌కి మొదటి సంచిక. 48 పేజీలు, అట్ట మాత్రం రంగుల్లో, లోపలంతా నలుపు తెలుపు. వెయ్యి కాపీలు వేస్తే కాపీకి 38 రూపాయలు పడుతుందని రాయపేటలో ప్రెస్సువాళ్లు చెప్పారు. ఇంతవరకూ అందరిదీ ఒకే మాట. చేతికి అందించే దగ్గరే రెండుగా చీలిపోయాం. పట్టుచీరల కొట్లు, నగల కొట్లు, కాఫీపొడి వాళ్ల దగ్గర ప్రకటనలు తెచ్చుకుని, కచేరీలు పెట్టే సభల గుమ్మాల్లో ఉచితంగా పంచేద్దామని ముగ్గురు. ఏడాది చందా పెట్టి పోస్టులో ఇంటికి పంపుదామని ముగ్గురం.

నేను చందా పక్షం. కారణం చెప్తాను. నాలుగేళ్ల కిందట ఒక సభ ఉచితంగా పంచే సీజన్ పుస్తకానికి కచేరీ సమీక్ష రాశాను. ఆ సాయంత్రం ప్రధాన రాగం తోడి. ఆలాపన చాలా బాగుందని, కీర్తనలో మాత్రం పదాలు ఎక్కడ పడితే అక్కడ విరిగి అర్థం చెడిందని రాశాను. అచ్చయ్యాక చూస్తే పొగిడిన వాక్యాలున్నాయి, పదాల సంగతి రాసిన రెండు వాక్యాలూ లేవు. ఎదురు పేజీలో, ఆ గాయకుడి కచేరీలకు డబ్బు పెట్టే కొట్టు ప్రకటన నిండుగా ఉంది. నన్ను అడగనైనా అడగలేదు. చదివేవాళ్లు డబ్బు ఇవ్వకపోతే, ఇచ్చేవాళ్ల మాటే చెల్లుతుందని ఆ రోజు అర్థమైంది. మీరేమంటారు?

వేళచ్చేరి_రసికుడు

మీ బాధ నిజమేనండీ, కాదనను. కానీ కొత్త పత్రికకు ముందు కావాల్సింది చదివే చేతులు. ఇంగ్లండ్‌లో 1952 నుంచి నడిచిన ఎన్‌ఎమ్‌ఈ అనే సంగీత వారపత్రిక సంగతి చూడండి. అమ్మకాలు పడిపోయి పదిహేను వేల కాపీల దగ్గరికొచ్చాక, 2015 సెప్టెంబరులో ధర తీసేసి రైల్వే స్టేషన్లలో, యూనివర్సిటీల్లో ఉచితంగా పంచడం మొదలుపెట్టారు. ఒక్కసారిగా 3 లక్షలు దాటింది. మనకు రైల్వే స్టేషన్ అక్కర్లేదు. సీజన్లో టీటీకే రోడ్డు మీద మ్యూజిక్ అకాడమీ ముందు ఓ గంట నిలబడితే, మన పాఠకులు వాళ్లంతట వాళ్లే నడుచుకుంటూ వస్తారు. వెయ్యి కాపీలు మూడు రోజుల్లో అయిపోతాయి. చందా కట్టండని వెయ్యిమందిని అడిగితే ఎంతమంది కడతారు? నూరు?

తంబురా_తీగ

ఎన్‌ఎమ్‌ఈ కథలో రెండో సగం కూడా చెప్పాలి కదండీ. ఉచితం చేసిన రెండున్నరేళ్లకే, 2018 మార్చిలో అచ్చు ఆపేశారు. ముద్రణ ఖర్చు పెరిగింది, ప్రకటనల రాబడి చాల్లేదు. 3 లక్షల చేతుల్లోకి వెళ్లింది కానీ, ఆ చేతుల్లో ఒక్కటీ పత్రికను నిలబెట్టేది కాదు. ప్రకటన ఇచ్చేవాడు తప్పుకోగానే కూలిపోయింది. 2023లో అదే పేరుతో అచ్చు పత్రిక మళ్లీ వచ్చింది, రెండు నెలలకోసారి, డబ్బు పెట్టి కొనుక్కునేది.

మన ఊళ్లోనే శ్రుతి ఉంది. ఎన్. పట్టాభిరామన్ గారు 1983లో మొదలుపెట్టిన ఇంగ్లీషు మాసపత్రిక. సంగీతం, నాట్యం రెండింటి మీదా రాస్తుంది. డబ్బు పెట్టి కొని చదివే పాఠకుల మీదే ఇన్నేళ్లు నిలిచింది.

వేళచ్చేరి_రసికుడు

శ్రుతిని తర్వాత సన్మార్ అనే వ్యాపార సంస్థ ఆదుకుందని కూడా చెప్పండి. చందాలే సరిపోతే ఆదుకోవడం ఎందుకు?

తంబురా_తీగ

సంస్థ వెనక నిలబడటం వేరు, ప్రతి సంచికలో పేజీకి ఇంత అని పదిమంది దుకాణదారులు కొనుక్కోవడం వేరు. అయినా మీ ప్రశ్నలో న్యాయం ఉంది. చందాలొక్కటే మోస్తాయని నేనూ అనను. ప్రకటనలు వేసుకుందాం, కానీ సమీక్షల పేజీలకు ఎదురుగా వద్దు. అది రాతపూర్వకంగా ముందే పెట్టుకోవాలి.

అక్షరాల_పని

నేను పుస్తకాలకు పేజీలు కడతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఉచితమా చందానా అన్నది డబ్బుల లెక్కగానే మాట్లాడుతున్నారు. అది అట్ట ఎలా ఉండాలో కూడా తేలుస్తుంది.

మైలాపూర్ లజ్ దగ్గర పేవ్‌మెంట్ మీద పత్రికలు అమ్మే కొట్టు ముందు ఆగి చూడండి. కొన్ని తాడుకు క్లిప్పులతో వేలాడుతుంటాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి, ఎడమ అంచు, పైభాగం మాత్రమే కనబడేలా. అందుకే చాలా పత్రికలకు పేరు పైన ఉంటుంది, అందరినీ లాగే వార్త ఎడమవైపు పడుతుంది. కొట్టులో అమ్మే అట్ట అరవాలి. చందాదారుడి దగ్గరికి వెళ్లే అట్ట అరవక్కర్లేదు, ఆయన ముందే కొనేశాడు. బ్రిటిష్ సంగీత పత్రికలు కొన్ని చందాదారులకని వేరే అట్ట వేసేవి, మీద అక్షరాలేవీ లేకుండా బొమ్మ, పత్రిక పేరు మాత్రమే ఉండేలా. ఆ పేరు మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇచ్చే మర్యాద అది. మన పత్రిక అట్ట మీద ఒక వీణ మెట్ల ఫోటో, మైనంలో దిగిన ఆ ఇత్తడి మెట్లు తెలిసేంత దగ్గరగా, పైన పేరు, అంతే ఉండాలని నా కోరిక. సభ గుమ్మంలో ఉచితంగా ఇచ్చే పుస్తకానికి ఆ అట్ట పనికిరాదు. అక్కడ ప్రకటన ఇచ్చినవాళ్లు కనబడాలి.

ఇక అసలు చిక్కు లోపల ఉంది. ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నాను. స్వరాలు వేయడం. తెలుగులో రి, ని అక్షరాలకు గుడి ఉంటుంది. పై స్థాయిలో పాడమని చెప్పే తారస్థాయి చుక్క ఆ గుడి నెత్తిన పడాలి. కొంచెం కిందికి జారిందా, గుడిలో కలిసిపోతుంది, చదివేవాడు మధ్యస్థాయిలో పాడేస్తాడు. స్వరాల వరుస కింద సాహిత్యం, అంటే పాట మాటల వరుస. సాహిత్యంలో ఒత్తులుంటాయి, అవి కిందికి దిగి, తర్వాతి స్వరాల వరుస మీది చుక్కల్ని తాకుతాయి. అందుకని వరుసకూ వరుసకూ మధ్య జాగా ఎక్కువ వదలాలి. ఇంగ్లీషు పత్రికలో రెండు పేజీల్లో పట్టేది మనకు మూడు పేజీలు అడుగుతుంది. 48 పేజీలు సరిపోతాయనుకుంటే పొరపాటు.

అక్షరాలతో ఆటలాడొద్దని కూడా ముందే మనవి. అమెరికాలో రే గన్ అనే సంగీత పత్రికకు డేవిడ్ కార్సన్ అనే ఆయన పేజీలు కట్టేవాడు. 1994లో ఒక గాయకుడి ఇంటర్వ్యూ చప్పగా ఉందని దాన్ని మొత్తం బొమ్మల ఫాంటులో పెట్టేశాడు, ఒక్క అక్షరం చదవడానికి లేకుండా. ఆ పాఠకులకు అదే కావాలి, ఆ చూపే వాళ్లను ఆ పత్రికకు కట్టిపడేసింది. మన పాఠకుల్లో సగం మందికి అరవై దాటాయి, కళ్లజోడు సవరించుకుంటూ రాత్రి దీపం కింద చదువుతారు. వాళ్లకు పెద్ద అక్షరం, మెరవని కాగితం ఇవ్వాలి. అదీ డిజైనే.

ఓఎంఆర్_కుర్రాడు

అన్నా, అచ్చు ఖర్చు మీద ఇంత టెన్షన్ ఎందుకు? పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపేద్దాం. కాగితం లేదు, పోస్టు లేదు. నా వయసు వాళ్లు ఎవరూ పోస్టు డబ్బా తెరవరు. మా అపార్ట్‌మెంట్‌లో అది కరెంటు బిల్లులకే ఉంది.

అక్షరాల_పని

వ్యాసాలకైతే సరే తమ్ముడూ. స్వరాల పేజీని ఫోన్‌లో తెరిచి చూడు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది దెబ్బలు, నాలుగు, రెండు, రెండుగా విడిపోతాయి. పేజీ మీద ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, ఒక వరుస. కన్ను ఆ వరుస వెంట వెళ్తుంటే చెయ్యి తాళం వేస్తుంది. ఫోన్ తెరకు తగ్గట్టు అక్షరం పెద్దది చేస్తే వరుస అయిదో దెబ్బ దగ్గర విరిగి కిందికి పడుతుంది. సమం, అంటే తాళం మొదలయ్యే చోటు, ఎక్కడో తెలియదు. విరగకుండా ఉంచితే చీమ తలకాయంత అక్షరాలు. గురువుగారి ముందు ఫోన్ ఎడమకీ కుడికీ జరుపుకుంటూ పాఠం చెప్పించుకోగలవా?

ఓఎంఆర్_కుర్రాడు

అది ఆలోచించలేదన్నా. నేను నేర్చుకునేది గిటార్, మాకు ట్యాబ్‌లు, అంటే ఏ తీగ ఎక్కడ నొక్కాలో చెప్పే గుర్తులు, ఫోన్‌లో బానే సరిపోతాయి. కానీ ఇంకోటి చెప్తా. మన దేశంలో రాక్ సంగీతానికి రాక్ స్ట్రీట్ జర్నల్ అని ఒక పత్రిక ఉండేది. 1993లో అలహాబాద్‌లో అమిత్ సైగల్ మొదలుపెట్టాడు. అలహాబాద్ నుంచి రాక్ పత్రిక! వాళ్లు కాగితం మీద ఆగలేదు, మన బ్యాండ్ల పాటలు క్యాసెట్లుగా అందించారు, గ్రేట్ ఇండియన్ రాక్ అని ఏటేటా పండగ పెట్టారు. కొన్నవాడికి చదవడానికే కాదు, వినడానికి, వెళ్లడానికి కూడా ఏదో ఉండేది. చందా పెడితే పెట్టండి, కానీ చందాతో పాటు ఏం వస్తుంది? ప్రతి పాటకూ ఒక క్యూఆర్ కోడ్ వేసి, గురువుగారు పాడిన పాఠం వినిపించండి. నేను ఇప్పుడే కడతా.

తంతితపాలా

నేను పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని బాబూ. మీరు డిజైన్, డబ్బు మాట్లాడుతున్నారు, రూలు మాట మర్చిపోయారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ లెక్క ఇది: రిజిస్టరైన పత్రికకు పోస్టులో తక్కువ రేటు దొరకాలంటే సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులు మించకూడదు, నిఖార్సైన చందాదారుల జాబితా ఉండాలి. ఈ రెండూ 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఉండేవి, 2024లో ఆ చట్టం పోయి కొత్తది వచ్చింది. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు ఆ రేటు ఉండేది కాదు, మామూలు బుక్‌పోస్టే. ఎంతమంది సంగీత ప్రేమికులు త్రైమాసిక పత్రిక పెట్టి స్టాంపుల ఖర్చుకే చతికిలబడ్డారో మా కౌంటర్లో చూశాను. చెప్పిన తేదీకి పోస్టు చెయ్యకపోతే కూడా చిక్కే.

కాబట్టి ప్రతి నెలా తప్పకుండా తేగలరా అన్నది ముందు తేల్చుకోండి. సీజన్లో ఉచితంగా పంచి మిగతా పది నెలలు నిద్రపోయే పుస్తకమైతే పత్రిక కాదు, సావనీరు. తేగలిగితే చందాయే దారి, ఎందుకంటే ఆ రేటు ఇప్పటికీ ఉంటే ఆ జాబితానే మీకు పోస్టు ఖర్చు తగ్గిస్తుంది. కొట్లలో అమ్మితే ఏజెంటుకు కమిషన్ ఇవ్వాలి, అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోవాలి. చందాలో వెనక్కి వచ్చేది ఇల్లు మారినవాళ్ల కాపీ ఒక్కటే.

నెల్లూరు_నుంచి_మైలాపూర్

అందరూ పెద్ద పత్రికల పేర్లు చెప్తున్నారు. నాకు మా నాన్నగారి చొక్కా జేబు గుర్తొస్తోంది. నెల్లూరులో సినిమాకి వెళ్తే, టిక్కెట్ కౌంటర్ దగ్గరే కుర్రాళ్లు "పాటల పుస్తకం, పాటల పుస్తకం" అని అరుస్తూ అమ్మేవాళ్లు. అరచేతిలో పట్టేంత సైజు, నాసిరకం కాగితం, చెమట తగిలితే వేళ్లకు సిరా అంటేది. మొదటి పేజీలో తారాగణం, తర్వాత కథ, అది సరిగ్గా బిగువు దగ్గరకొచ్చి "మిగతా కథ వెండితెరపై చూడండి" అని ఆగిపోయేది. ఆ తర్వాత పాటలన్నీ. నాన్నగారు సినిమా అయ్యేదాకా మడతపెట్టి జేబులో ఉంచుకుని, ఇంటికొచ్చి అమ్మకు ఇచ్చేవారు. అమ్మ వంటింట్లో గూట్లో పెట్టుకుని, పొయ్యి ముందు చూసి పాడేది. నూనె మరకలతో సహా ఆ పుస్తకాలు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి.

దాన్ని ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు. కానీ దాంట్లో జనానికి కావాల్సింది ఉంది, పాడుకోవడానికి మాటలు. ఇంగ్లండ్‌లో 1978లో వచ్చిన స్మాష్ హిట్స్ పత్రిక కూడా పాటల మాటలు అచ్చువేసే పనితోనే పాఠకులను లాక్కుందట, మన పాటల పుస్తకం అంతకుముందే ఆ పని చేస్తోంది.

త్యాగరాజస్వామి ఎక్కువగా రాసింది తెలుగులో. సభలో నా పక్కన కూర్చునే తమిళం మామీలు ఏళ్ల తరబడి వింటారు, ప్రతి సంగతీ వాళ్లకు తెలుసు, కాంటీన్‌లో నన్ను పట్టుకుని "ఈ మాటకు అర్థం ఏమిటమ్మా" అని అడుగుతారు. మన పత్రిక మధ్యలో ఊడదీసుకునేలా నాలుగు పేజీలు పెట్టండి: ఒక కీర్తన, పదాలు విడదీసి, అర్థంతో, పక్కనే తమిళ లిపిలో కూడా. కచేరీబెంచీ గారి రెండు వాక్యాలు కోసేశారే, పదాలు విరుగుతున్నాయని, ఆ జబ్బుకు మందు కూడా ఇదే.

వేళచ్చేరి_రసికుడు

అమ్మా, ఈ మాటతో నా పక్షం సగం మారింది. సగమే. ఆ నాలుగు పేజీలనైనా విడిగా వేసి సభల దగ్గర ఉచితంగా పంచనివ్వండి. మన పేరు తెలియనివాళ్లు చందా కట్టరు, ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. నాలుగు పేజీల కాగితానికి ప్రకటన అక్కర్లేదు, ఖర్చు నేను పెట్టుకుంటాను.

తంబురా_తీగ

తమిళ లిపి మాత్రం నాకు ఒప్పుదల లేదు. తమిళ లిపిలో క, గ ఒకటే అక్షరం. గణపతిని అలా రాస్తే ఉచ్చారణ ఏమవుతుంది? ఉన్న తప్పులకు అచ్చులో ముద్ర వేసినట్టవుతుంది.

నెల్లూరు_నుంచి_మైలాపూర్

తమిళంలో సంగీత పుస్తకాలు వేసేవాళ్లు అక్షరం పక్కన చిన్న అంకెలు 2, 3, 4 వేస్తారండీ, ఏ క అన్నది తెలియడానికి. మా మామీలకు అది చిన్నప్పటి నుంచీ అలవాటే.

కచేరీబెంచీ

రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను. మా ఆరుగురిలో ఉచితం అన్న ముగ్గురికీ ఇదంతా పంపాను. ఇద్దరు నెలనెలా చందాకు ఒప్పుకున్నారు. ఒకరు ఇంకా ఒప్పుకోలేదు, మొదటి ఏడాది నష్టం ఎవరు భరిస్తారని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నా వాటాకు మించి ఇంకో వాటా నేను వేస్తానని మాత్రం చెప్పాను.

సాహిత్యం కాగితం ఉచితం, పత్రికకు చందా. సమీక్షలకు ఎదురుగా ప్రకటన ఉండదు. అక్షరాల_పని గారూ, ముందు ఒక్క స్వరాల పేజీ, ఆది తాళంలో, మీరు చెప్పిన జాగాతో కట్టి ఇవ్వగలరా? ప్రెస్సులో ప్రూఫ్ తీయించి మా గురువుగారికి చూపిస్తాను. ఆవిడకు డెబ్బై రెండేళ్లు. కళ్లజోడు సవరించుకోకుండా ఆమె ఒక ఆవర్తనం పాడగలిగితే ఆ కొలతలే ఖాయం చేద్దాం, 48 పేజీలు 56 అయినా సరే.