మావోరీ నాయకుల మీద కార్టూన్ వేస్తే ఎక్కడిదాకా నవ్వొచ్చు?

గీతలబాబు, ఆక్లాండ్

మా తెలుగు సంఘం ఉగాది సంచికకి ఒక కార్టూన్ గీశాను. వేయాలా వద్దా అని కమిటీలో గొడవ. మీ మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నా.

విషయం తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను. న్యూజీలాండ్ పార్లమెంటులో ఇక్కడి మూలవాసులైన మావోరీ ఓటర్లకి 1867 నుంచీ విడిగా సీట్లున్నాయి, ఇప్పుడవి ఏడు. 2023లో మావోరీ పార్టీ వాటిలో ఆరు గెలిచింది. 2025 నవంబరు వచ్చేసరికి ఆ గెలిచినవాళ్లలోనే ఇద్దరిని, మరియామేనో కాపా-కింగిని, తాకుతా ఫెర్రిస్‌ని, బయటికి పంపేసింది.

నా బొమ్మలో ఒక పొడవాటి వకా, అంటే వాళ్ల పడవ. లోపలున్నవాళ్లు తెడ్లతో నీళ్లు తోయడం మానేసి ఒకళ్లనొకళ్లు బాదుకుంటుంటారు. వెనకాల పార్టీ అధ్యక్షుడు జాన్ తమిహెరె కూర్చుని "బాగా పోతున్నాం" అంటుంటాడు.

ఆఫీసులో నా పక్క సీటావిడ మావోరీ. మధ్యాహ్నం బాక్సు తింటూ ఫోన్లో చూపించా. పడవ చూసి పకపకా నవ్వింది, "మా ఇంట్లోనూ ఇదే మాట" అంది. తర్వాత రెండు వేళ్లతో సహనాయకుడు రవిరి వైటిటి ముఖాన్ని పెద్దది చేసి, "ఈ గీతలు ఎవరివి?" అనడిగింది.

నాకు అర్థం కాలేదు. చెంపల మీద ఖాళీ ఉంటే నాలుగు సుడులు తిప్పి నింపేశానంతే. మోకో అంటే ముఖం మీద వేసుకున్న వంశవృక్షం లాంటిదని, ఒకరిది ఇంకొకరికి రాదని ఆవిడే చెప్పింది. "మా తాత పేరు తప్పు రాసినట్టుంది" అంది. కోపంగా కూడా కాదు. ఆ మూల ఇంకొకాయన నెత్తిన వంటగిన్నె బోర్లించి ఉంది. అది చూశాక ఫోన్ నా చేతిలో పెట్టేసి తన బాక్సు మూత పెట్టుకుంది. వాళ్లలో తల టాపు, పవిత్రం. వంటసామాను దాని దరిదాపులకి రాకూడదు. నాకది ఇంటికెళ్లి చదివాక తెలిసింది.

కమిటీ మాత్రం "మనకెందుకొచ్చిన తంటా, తీసెయ్" అంటోంది.

నల్లసిరా

వేయండి బాబుగారూ. అధికారం కావాలన్నవాడు కార్టూనూ భరించాలి. మామ పార్టీ అధ్యక్షుడు, అల్లుడు సహనాయకుడు! తమిహెరె కూతుర్నే కదా వైటిటి చేసుకున్నది. మామా అల్లుళ్ల రాజకీయం మన తెలుగువాళ్లకి ఒకరు చెప్పాలా? దీని మీద బొమ్మ వేయకపోతే చేతిలో కుంచె ఉండి దండగ.

1997లో టుకు మోర్గాన్ అని ఒక మావోరీ ఎంపీ సంగతి వినే ఉంటారు. ఎంపీ కాకముందు మావోరీ టీవీ చానల్ డబ్బుతో సుమారు 4,000 డాలర్ల బట్టలు కొన్నాడు, అందులో ఒక పట్టు డ్రాయరు ఖరీదు 89 డాలర్లు. దేశమంతా ఆ డ్రాయరు పట్టుకుని ఊగిపోయింది. అది జాత్యహంకారమా? ప్రజల డబ్బు లెక్క అడగడం.

రజని, వెల్లింగ్టన్

సిరాగారూ, డ్రాయరు మంచి ఉదాహరణే, కానీ అది మీ వాదన వైపు నిలబడదు. దాదాపు ముప్ఫై ఏళ్లయింది, 89 అన్న అంకె మీకింకా నోటికొచ్చు. అదే కాలంలో తెల్లవాళ్లయిన ఎంపీలు దండగ పెట్టిన డబ్బు ఒక్క అంకె చెప్పండి చూద్దాం. తప్పు ఆయనదే, కాదనను. ఆ నవ్వు అంతకాలం బతకడంలో మాత్రం ఇంకేదో ఉంది.

అసలు ఇక్కడ కార్టూన్ల గొడవ కోర్టుకెక్కింది నాయకుల బొమ్మలతో కాదు. 2013 మే చివర్లో అల్ నిస్బెట్ వేసిన రెండు కార్టూన్లు మార్ల్‌బరో ఎక్స్‌ప్రెస్ పత్రికలో ఒకటి, ది ప్రెస్ అనే పత్రికలో ఒకటి వచ్చాయి. బళ్లలో ఉచితంగా పొద్దున టిఫిన్ పెట్టే పథకం మీద. ఒకదాంట్లో పెద్దవాళ్లు పిల్లల యూనిఫాం తొడుక్కుని గిన్నెలు పట్టుకుని బడికి పరుగు. ఇది గిట్టుబాటైతే మిగిలిన డబ్బు మందుకీ సిగరెట్లకీ జూదం మెషీన్లకీ అని గుసగుస. రెండోదాంట్లో సీసాలు, లాటరీ టికెట్లు పరుచుకున్న బల్ల చుట్టూ ఒక కుటుంబం. ఆ మనుషులని గోధుమరంగులో, లావుగా గీశాడు. మావోరీ, పసిఫిక్ దీవుల జనమని ఎవరికైనా తెలిసేలాగే.

అందులో పేరున్న నాయకుడు ఒక్కడూ లేడు. పథకం పెట్టిన ప్రభుత్వమూ లేదు. ఆకలేసిన పిల్లల తల్లిదండ్రులున్నారు. దాన్ని రాజకీయ కార్టూన్ అనడానికి నాకు నోరు రాదు.

నల్లసిరా

అమ్మా, ఆ కేసు ఏమైందో కూడా చెప్పాలిగా! లేబర్ ఎంపీ లూయిసా వాల్ వేసిన ఫిర్యాదుని 2017లో మానవహక్కుల ట్రిబ్యునల్ కొట్టేసింది. 2018లో హైకోర్టూ కొట్టేసింది.

రజని, వెల్లింగ్టన్

కొట్టేసింది, నిజమే. కానీ ఏమని? బొమ్మలు అవమానకరంగానే ఉన్నాయంది. 1993 మానవహక్కుల చట్టంలో ఫిర్యాదుకి ఆధారమైన సెక్షన్ మాత్రం జనంలో పగ రెచ్చగొట్టేంత తీవ్రమైన వాటికే వర్తిస్తుంది, ఇవి అంతదాకా పోలేదు అంది. నేనూ ఆ తీర్పు తప్పనను, పత్రికని జైలుకి పంపాలనీ అనను. కోర్టు "చట్టవిరుద్ధం కాదు" అంటే "బాగుంది" అన్నట్టు ఎలా అవుతుంది? పరీక్షలో 35 మార్కులొచ్చాయని మిఠాయిలు పంచుతామా?

కివీకిరాణా, హ్యామిల్టన్

నాకొక డౌటు. వాళ్ల సున్నితత్వం మనం చూడాలి, సరే. మరి 2025 సెప్టెంబరులో ఆక్లాండ్ ఉపఎన్నికప్పుడు ఈ ఫెర్రిస్ ఏం రాశాడు? మావోరీల సీటు మావోరీల నుంచి లాక్కోడానికి ఇండియన్లు, ఆసియన్లు, నల్లవాళ్లు, తెల్లవాళ్లు లేబర్‌కి ప్రచారం చేస్తున్నారని! పార్టీ క్షమాపణ చెప్పింది, ఆయన మాత్రం తగ్గలేదు. ఆ వారమంతా మా కొట్టుకి వచ్చిన మావోరీ కస్టమర్లు నాతో ఎప్పట్లాగే మాట్లాడారు, అది వేరే సంగతి. నాకు మాత్రం కడుపు మండింది. మనం ఒక గీత గీస్తే ఇంత ఆలోచనా?

రజని, వెల్లింగ్టన్

అన్నా, ఫెర్రిస్ మీద వేయమనే నేనూ అంటాను. ఆయన రాసిన ఆ వాక్యం మీద వేయండి. అది ఆయన నోటి మాట, ఆయనే మోయాలి. ఆయన మోకో మీద, ఆయన రంగు మీద వేస్తే మాత్రం మీ షాపుకి ఎప్పట్లాగే వచ్చిన ఆ కస్టమర్ల ముఖం మీద వేసినట్టు.

ఇంకొకటి గమనించండి. న్యూజీలాండ్ ఫస్ట్ పార్టీ నాయకుడు విన్‌స్టన్ పీటర్స్ మావోరీయే. యాక్ట్ పార్టీ నాయకుడు డేవిడ్ సీమోర్‌కీ మావోరీ రక్తముంది. పీటర్స్‌ని గీసినప్పుడు కార్టూనిస్టులు ఏం పట్టుకుంటారు? గీతల కోటు, ఆ నవ్వు, బేరాలు. ఎవరూ ఆయన జాతిని గీయరు. మావోరీలకీ బ్రిటిష్ వాళ్లకీ కుదిరిన వైటాంగి ఒప్పందం మీద సీమోర్ తెచ్చిన సూత్రాల బిల్లు 2025 ఏప్రిల్‌లో 112-11 ఓట్లతో కూలిపోతే బొమ్మలు పడింది ఆయన పంతం మీద. అదే మావోరీ పార్టీ ఎంపీ హానా-రాఫితి మైపి-క్లార్క్ ఆ బిల్లు ప్రతి చింపి హాకా, అంటే మావోరీల నృత్యం, చేస్తే? పెద్దవైన కళ్లే. అంటే ఒకే రక్తమున్నా ఒకరికి చేసిన పని గీస్తున్నాం, ఇంకొకరికి పుట్టుక గీస్తున్నాం.

నల్లసిరా

హాకాలో కళ్లు పెద్దవి చేసింది ఆమే కదమ్మా! కార్టూనిస్టు కల్పించాడా? ఎన్టీఆర్ కాషాయం కడితే కాషాయమే గీస్తారు, ప్యాంటు తొడగరు. మీ లెక్కన చూస్తే మావోరీతనాన్నే రాజకీయంగా చేసుకున్న నాయకుల్లో కార్టూనిస్టుకి ఇక మిగిలేదేమీ ఉండదు.

పాతపేపర్లు

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నా, ఇక ఆగలేక రాస్తున్నా. సిరాగారి ఆఖరి మాటలో పస ఉంది. 2021 ఫిబ్రవరిలో టై కట్టుకోలేదని వైటిటిని సభలోంచి పంపించారు. మెడలో టై బదులు హెయ్ టికి అనే పచ్చరాయి పతకం వేసుకొచ్చాడాయన, టైని వలసపాలకుల ఉరితాడు అన్నాడు. మర్నాడే టై నిబంధన పోయింది. అది నాటకమేనని ఆయనకీ తెలుసు. నాటకం వేసినవాణ్ని చూసి నవ్వే హక్కు ప్రేక్షకుడికి ఉండాలి.

కానీ వెల్లింగ్టన్‌లో అలెగ్జాండర్ టర్న్‌బుల్ లైబ్రరీ వాళ్ల కార్టూన్ భండారం చూడండి, 1992 నుంచి పోగుచేస్తున్నారు. పాత బొమ్మల్లో మావోరీ అంటే బోడికాళ్లు, ముక్కలైన ఇంగ్లీషు, ఒళ్లంతా బద్ధకం. దశాబ్దాలపాటు అదే అచ్చు. నిస్బెట్ బొమ్మ అంత మంటెత్తించడానికి కారణం అది కొత్తది కావడం కాదు, ఆ పాత అచ్చులోంచే రావడం. అన్నట్టు మావోరీ కార్టూనిస్టులే లేరనుకోకండి. హ్యారీ డాన్సీ ఉండేవాడు, మావోరీ బెటాలియన్‌లో యుద్ధానికెళ్లొచ్చిన పత్రికా రచయిత. బొమ్మలూ గీసేవాడు, 1975లో జాతి సంబంధాల సర్దుబాటు అధికారి కూడా అయ్యాడు. ఆ కుర్చీలో ఒక కార్టూనిస్టు కూర్చున్నాడంటే నాకు భలే ముచ్చటేసింది.

మన దగ్గర చూడండి, నత్త మీద అంబేద్కర్, వెనక కొరడాతో నెహ్రూ ఉన్న శంకర్ బొమ్మ 1949 నాటిది. 2012లో పాఠ్యపుస్తకంలో అది కనబడి పార్లమెంటు అట్టుడికింది. 1949లో ఆ కొరడా రాజ్యాంగం ఆలస్యం మీద. 2012లో చూసినవాళ్లకి అది దళితుడి మీద లేచిన కొరడా. గీత మారలేదు, చూసే కళ్లు మారాయి. బాబుగారూ, మీ బొమ్మని మీ పక్క సీటావిడ చూసినప్పుడు జరిగింది కూడా ఇదేనేమో.

గీతలబాబు, ఆక్లాండ్

అందరికీ దండాలు. మళ్లీ గీశాను. గిన్నె తీసేశా, అది నవ్వుకోసం పెట్టిందే, అర్థమేం లేదు. మోకో కోసం వైటిటి ఫొటోలు ముందు పెట్టుకుని అసలు గీతలే దించబోయాను. అరగంట కూర్చున్నా. ఒక్క వంపు తప్పినా ఎలా ఉంటుందో ఆవిడ చెప్పింది గుర్తొచ్చి చెయ్యి సాగలేదు. చివరికి పడవని వెనకనుంచి గీశా. అందరి వీపులే కనిపిస్తాయి. టోపీని బట్టి వైటిటిని పోల్చుకోవచ్చు. తమిహెరె మాత్రం మనవైపు తిరిగి చెయ్యూపుతుంటాడు.

ఆవిడకి చూపించా. చాలాసేపు చూసి, "తమిహెరె చేతిలో తెడ్డు లేదేం?" అంది.

నల్లసిరా

వీపుల కార్టూనా? బాబుగారూ, రేపు మీరు చంద్రబాబుని గీసినా వెనకనుంచే గీస్తారా?

కివీకిరాణా, హ్యామిల్టన్

నాకైతే రెండోదే నచ్చింది. మొదటిదాంట్లో ముఖాలు చూసి నవ్వా, ఇందులో తెడ్లు చూసి నవ్వా. సంచికలో వస్తోందా మరి?

గీతలబాబు, ఆక్లాండ్

శుక్రవారం ప్రెస్‌కి పోతుంది. కమిటీలో ఇద్దరు సరే అన్నారు, ఇద్దరు వద్దన్నారు. అధ్యక్షులవారు ఫోన్ ఎత్తట్లేదు.