గ్రీన్ బిల్డింగ్ రేటింగ్‌కి సేఫ్టీని తప్పనిసరి చేయాలా, వద్దా?

నిచ్చెనమెట్టు:
డిజైన్ ఆఫీసులో గ్రీన్ రేటింగ్, అంటే బిల్డింగ్ పర్యావరణానికి ఎంత మేలో చూసి ఇచ్చే గుర్తింపు, దాని పాయింట్లు లెక్కేసే పని నాది. కరెంటు ఎంత ఆదా, నీళ్ళు ఎంత ఆదా, లోపలికి పగటి వెలుతురు ఎంత, అన్నిటికీ షీట్‌లో గడులున్నాయి. మేము పైకప్పు నిండా అంచుదాకా సోలార్ ప్యానెళ్ళు పరిచేశాం, మధ్యలో స్కైలైట్లు, అంటే లోపలికి వెలుతురు దిగే పారదర్శక పలకలు, పెట్టాం, అన్నిటికీ మార్కులు పడ్డాయి. వాటిని తుడవడానికి ఎక్కే మనిషి ఎక్కడ నిలబడతాడు, పడిపోకుండా కట్టుకునే బెల్టు దేనికి తగిలించుకుంటాడు అంటే మాత్రం షీట్‌లో సమాధానం లేదు. నా ఉద్దేశం ఒకటే, సేఫ్టీకి ఇంకో నాలుగు పాయింట్లు కలపమని కాదు, అది లేకపోతే రేటింగ్‌కి అప్లై చేసే అర్హతే ఉండకూడదు. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

ఎండగోడ:
నేను కాదంటాను. ఫైర్ రూల్స్, కార్మికుల భద్రత రూల్స్ చట్టంలో విడిగా ఉన్నాయి, వాటిని అమలు చేయించడం ప్రభుత్వం పని. రేటింగ్ అనేది ఇష్టపడి తీసుకునేది, దాని నెత్తిన అన్నీ పెడితే ఎవరూ దాని జోలికే రారు, మామూలు బిల్డింగే కట్టేసుకుంటారు. ఇంకోటి, మీలాంటివాళ్ళు మంచి ఉద్దేశంతోనే అంటారు గానీ చివరికి బయటికి పోయే మాట ఏంటంటే "గ్రీన్ అంటే డేంజర్" అని. ఇప్పుడు ఎవరో ఒకరు లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ సంగతి ఎత్తుతారు చూడండి, అక్కడ తప్పు నాసిరకం మెటీరియల్‌ది, ఇన్సులేషన్ చేయాలన్న ఆలోచనది కాదు.

నిచ్చెనమెట్టు:
ఎండగోడ గారూ, ఎత్తేది నేనే. ఆలోచనది తప్పు కాదు, ఒప్పుకుంటా. 24 అంతస్తుల పాత బిల్డింగ్, లోపల వెచ్చగా ఉండాలని, చూడ్డానికీ బాగుండాలని బయట తొడుగు వేశారు, 2016లో ఆ పని అయింది, 2017 జూన్‌లో నాలుగో అంతస్తులో ఒక ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట ఆ తొడుగు పట్టుకుని పైదాకా పాకింది, 72 మంది పోయారు. అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్ అనే మండే ప్లాస్టిక్, దాని వెనక మండే నురుగు ఇన్సులేషన్. రాతి ఉన్నితో కూడా వేడిని అంతే ఆపొచ్చు, అది మండదు, కాకపోతే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు మందం కావాలి. వేడి ఎంత ఆపుతుంది, ఎంత పల్చగా ఉంటుంది అని మాత్రమే కొలిచే చోట రాతి ఉన్ని ఎప్పుడూ ఓడిపోతుంది, మండుతుందా అన్న గడి కూడా పక్కనే ఉంటే అప్పుడు గెలుస్తుంది. నేనడిగేది ఆ గడి. ఇక చట్టం చూసుకుంటుంది అన్నారు, ఇంగ్లండ్‌లో 18 మీటర్లు దాటిన నివాస భవనాల బయటి గోడల్లో మండే మెటీరియల్ వాడొద్దని రూల్ వచ్చింది 2018 చివర్లో, అంటే అంతా అయిపోయాక.

డీసీ వైరు:
నేను ప్యానెళ్ళు బిగించేవాణ్ణి, నా ముక్క నేను చెప్తా. సోలార్‌కి ఉన్న తేడా ఏంటంటే కింద మెయిన్ ఆఫ్ చేసినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ నుంచి ఇన్వర్టర్‌దాకా ఉన్న వైరులో కరెంటు ఉంటుంది, వరసగా కలిపిన ప్యానెళ్ళయితే 600 వోల్టులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఫైర్ వాళ్ళు పొగ పోవడానికి పైకప్పు కోద్దామంటే కోసే చోటు ఉండదు, ఉన్నా కింద ఏ వైరు పోతోందో తెలీదు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ 2014లో బిల్డింగుల మీది సోలార్‌కి రాపిడ్ షట్‌డౌన్, అంటే స్విచ్ వేస్తే వైర్లలో వోల్టేజీ త్వరగా దిగిపోయే ఏర్పాటు, పెట్టింది, 2017 ఎడిషన్‌లో ఇంకా బిగించి స్విచ్ వేసిన 30 సెకన్లలో ప్యానెళ్ళ మధ్య వోల్టేజీ 80కి దిగాలంది. అలాంటిది డిజైన్‌లోనే ఉంటే మాకేం కష్టం లేదు, తర్వాత పెట్టాలంటే ప్యానెల్ ప్యానెల్‌కీ మళ్ళీ ఎక్కాలి.

స్కైలైట్ సంగతి కూడా నిజం అన్నా. రెండేళ్ళు దుమ్ము పడితే అది రేకులో రేకులా కలిసిపోతుంది. ఒక సైట్‌లో నేను కాలు వేయబోయి, అంచున ఉన్న రబ్బరు పట్టీ కనపడి ఆగా. దానికి చుట్టూ రెయిలింగ్ గానీ కింద జాలీ గానీ లేదు. ఆ బిల్డింగ్‌కి ముందు హాల్లో గ్రీన్ ప్లేటు వేలాడుతోంది.

ఎండగోడ:
డీసీ వైరు గారూ, మీరు క్షేమంగా ఉన్నారు, సంతోషం. కానీ చూడండి, మీరు చెప్పిన కోడ్ రేటింగ్ వాళ్ళు రాసింది కాదు, అంటే చట్టం దారి పనిచేస్తోందనే కదా. గాలి సంగతీ అంతే. 1973 ఆయిల్ సంక్షోభం తర్వాత ఎనర్జీ ఆదా అని బిల్డింగులు బిర్రుగా మూసేశారు, మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటిగాలి చాలన్నారు, తలనొప్పులు కళ్ళ మంటలు అని జనం గోల పెడితే 1989లో ఆష్రే, అంటే ఏసీ, గాలి ప్రమాణాలు రాసే అమెరికా ఇంజనీర్ల సంస్థ, దాన్ని 15 చేసింది. సరిదిద్దుకున్నారు. లీడ్ అనే అమెరికా గ్రీన్ రేటింగ్‌లో కూడా 2015లో డిజైన్ దశలోనే ప్రమాదాలు తప్పించేందుకు పైలట్ క్రెడిట్, అంటే ప్రయోగంగా ఇచ్చే పాయింటు, తెచ్చారు, ఇష్టమైనవాళ్ళు తీసుకుంటారు.

వాల్వ్ తాళం:
సరిదిద్దుకునేలోపు ఆ గదుల్లో కూర్చుని పనిచేసినవాళ్ళ సంగతేంటండీ?

బిల్డింగ్ మెయింటెనెన్స్ నా పని. రూఫ్ గార్డెన్‌లో ఔట్‌లెట్ నోటికి వేర్లు పీచులా అల్లుకుపోయి నీళ్ళు నిలిచిపోతే చేత్తో పీకిన రోజులున్నాయి. సెంటీమీటరు నీళ్ళు నిలిస్తే చదరపు మీటరుకి 10 కిలోలు, అదీ తడిసిన మట్టి బరువు మీద అదనంగా. జానెడు లోతు నిలిస్తే ఎంతో మీరే లెక్కేయండి. ఔట్‌లెట్ దగ్గరికి మెట్లు లేవు, మొక్కలు తొక్కుకుంటూ పిట్టగోడ పక్కనుంచే పోవాలి, ఆ గోడ నా మోకాలు దాటదు.

నీళ్ళ ఆదా కూడా అంతే. తక్కువ నీళ్ళొచ్చే కుళాయిలు మంచివే కానీ పైపుల సైజు పాతదే ఉంచేస్తే నీళ్ళు కదలక లోపలే నిలవుంటాయి, గోరువెచ్చగా ఉంటే లెజియోనెల్లా అనే న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది. కరెంటు ఆదా అని వేడినీళ్ళ ట్యాంకు 45 డిగ్రీలకి దించేస్తారు, దానికి కావాల్సింది 60. నేను పెంచితే ఎనర్జీ రిపోర్ట్ పాడవుతోందని నన్నే అడుగుతారు.

ఎండగోడ:
ఈ చివరిది నాకు తట్టలేదు. రిపోర్ట్ కోసం ట్యాంకు చల్లబెట్టమనడం అన్యాయం, అక్కడ మీతోనే ఉంటాను. మొత్తం సేఫ్టీ కోడ్ అంతా తెచ్చి రేటింగ్‌లో పెట్టడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. పాయింటు దేనికిస్తున్నారో దానివల్ల వచ్చే ప్రమాదం వరకూ అడగండి, దానికి సరే. సోలార్‌కి పాయింటు కావాలంటే షట్‌డౌన్, నడవడానికి దారి చూపించాలి. రూఫ్ గార్డెన్‌కి కావాలంటే తడి బరువు లెక్క, ఔట్‌లెట్‌కి మెట్లు.

నిచ్చెనమెట్టు:
నేనడిగినదానికంటే ఇది తక్కువే, కానీ ఇది రేపే చేయగలిగేది. ఇంకా డ్రాయింగ్ దశలోనే ఉన్న ప్రాజెక్టు ఒకటి నా చేతిలో ఉంది. అంచునుంచి ప్యానెళ్ళు వెనక్కి జరిపి నడవడానికి దారి వదిలితే కొన్ని ప్యానెళ్ళు పోతాయి, ఒక పాయింటు కూడా పోవచ్చు, అయినా గీసి పంపిస్తా. డీసీ వైరు గారూ, బెల్టు తగిలించే కొక్కేలు ఎక్కడెక్కడ ఉండాలో మీరు చెప్తే అవి కూడా స్లాబ్ వేయకముందే పెట్టిస్తా.

డీసీ వైరు:
పైకి ఎక్కే నిచ్చెన దగ్గర మొదటిది పెట్టండి, చాలామంది అక్కడే మర్చిపోతారు. మిగతావి ప్లాన్ పంపితే గుర్తుపెట్టి ఇస్తా.