రెండు బాటలా, రెండు దారులా?

ఒక పద్యపాదం వారం రోజులుగా నన్ను వదలడం లేదు. అడవిలో దారి చీలిన చోట ఎటూ తేల్చుకోలేక నిలబడిన మనిషి మీద అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన పద్యం. నాకు 'టూ పాత్స్' అనే గుర్తు. ఆ నమ్మకంతోనే 'రెండు బాటలు' అని తెలుగు చేసుకున్నాను. మా అమ్మాయేమో 'రోడ్స్' అంటోంది. పద్యంలో ఒక దారి నిండా గడ్డి ఉంటుంది. రోడ్డు మీద గడ్డేమిటి?

— అమ్మాయే కరెక్టండీ. పద్యం మొత్తంలో 'పాత్' అన్న మాటే లేదు. 'రోడ్' ఉంది, 'వే' ఉంది. ఆ గడ్డీ, రాలిన ఆకులూ చూసి మనమే పాత్ చేసుకున్నాం.

— 1915లో అచ్చయిన పద్యం. తారురోడ్డును ఊహించుకోకండి. 'రోడ్'కి 'రైడ్' తోబుట్టువు, అంటే స్వారీలకూ బళ్లకూ పనికొచ్చేది. పాత్ కాలినడకది. మా పల్నాడులో అయితే డొంక అంటాం. అటూ ఇటూ చక్రాల గాడి, నడుమ గడ్డి. 'రెండు డొంకలు' అనండి, సరిపోతుంది.

— మా గోదావరి వైపు డొంకంటే పొద. తీగ లాగితే కదిలేది. మీ డొంకని మేం పుంత అంటాం.

— అసలు చిక్కు, గడ్డి ఉన్న దారిని ఫ్రాస్ట్ 'వాంటెడ్ వేర్' అన్న దగ్గర. ఆ దారి ఏదో కోరుకుందని కాదు, అరుగుదల లేదని. వెంటనే, నిజానికి రెండూ ఒకేలా అరిగాయనీ అంటాడు. చాలామంది ఆ పాదం దాటేసి, తక్కువమంది నడిచిన దారి పట్టానని చెప్పే చివరి చరణానికి పరిగెడతారు. ఫ్రాస్ట్‌తో నడకలకు వచ్చే మిత్రుడు ఎడ్వర్డ్ థామస్, ఏ దారిన వెళ్లినా రెండోదాని కోసం బాధపడేవాడట. పద్యం అక్కడ పుట్టింది.

— మాస్టారూ, కోరికను పూర్తిగా కొట్టేయకండి. లేనిదాన్నే కదా కోరుకునేది! 'నడక కరువైన' అంటే రెండూ పలుకుతాయి.

— 'నడక కరువైన' చాలా బాగుంది. కానీ బాటను వదలొద్దు. దారి తప్పుతాం గానీ బాట తప్పం. బాట పడుతుంది, దారి పడదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో బావి వైపు గడ్డిలో జానెడు వెడల్పున నేల నున్నగా తేలి ఉండేది, బిందెలు ఒలికి ఒక పక్క నల్లగా. ఎవరూ వేసింది కాదు. అదీ బాట. శ్రీశ్రీ 'బాటలు నడచీ, పేటలు కడచీ' అన్నది అందుకే. జనం నడిస్తేనే బాట.

— అక్కా, అది ప్రాస. బాట, పేట, కోట. దారులు పెడితే దరువు పోతుంది.

— ప్రాసే కారణమైతే, కూటి కోసం బయలుదేరి దిక్కు తెలియకుండా తిరిగినవాణ్ణి 'బాటసారి' అన్నాడే, అక్కడ ఏ ప్రాస ఉంది?

— ఇంకేమంటాడు? దారిసారి అనే మాట లేదు కదా. ఆ కవితలో కొట్టొచ్చినట్టుండేది బాట కాదు, 'ఎంత కష్టం' అన్న పిలుపు. నేనిప్పటికీ గొంతెత్తి చదవలేను.

— దారి గురించి ఒక మాట. 'రహదారి'లో ఉన్నది మన దారి కాదు. పారసీ 'రాహ్‌దారీ'. అందులో రాహ్ అంటేనే దారి. వెనకున్న 'దారీ' జమీందారీలో ఉన్నదే. మన చెవికి దారిలా వినిపించి ఇంట్లో మనిషైపోయింది.

— ఇంతకీ నేనేం రాయాలండీ? 'దారులు' అంటే గడ్డి కనిపించడం లేదు, 'బాటలు' అంటే బండి పట్టడం లేదు.

— మా కరీంనగర్ మాట పెట్టి చూడండి: 'అడవిలో రెండు తొవ్వలు, ఒకదానికి నడక కరువు.' తొవ్వలో బండీ పోతుంది, మనిషీ పోతాడు.

— మా విజయనగరంలో తోవ. త్రోవ నుంచి వచ్చినప్పుడు దీర్ఘం ఉండాలి కదా, మీకు వత్తు ఎక్కడిది?

— దీర్ఘం పోతే ఆ బరువు వత్తు మీద పడుతుంది. అనంతపురంలో దావ అంటారు, దాన్నేం చేస్తారు మరి?