కెమెరా బ్యాగ్ లోపల జిగురు, రోలర్ చక్రం పగులు: బాగు చేయించాలా, కొత్తవి కొనాలా?

కాకినాడ_ఫ్రేమ్స్:
బ్యాక్‌ప్యాక్ ఒకటి, రోలర్ బ్యాగ్ ఒకటి. రెండూ అయిదేళ్ళవి, పైకి బాగానే కనిపిస్తాయి. బ్యాక్‌ప్యాక్ ముందు అర లోపలి గుడ్డ మాత్రం పాకం పూసినట్టు చేతికి అంటుకుంటోంది. సన్నటి పొలుసులు రాలి లెన్స్ వెనక క్యాపుల మీద చేరుతున్నాయి. రోలర్‌కి ఒక చక్రం మీది పొర ముక్కలుగా ఊడింది. పెద్ద జిప్పు వేస్తుంటే రన్నర్ దాటాక వెనకాలే విచ్చుకుంటోంది. రెండూ పారేసి కొత్తవి కొనమని షాపులో సలహా. వచ్చే నెల రాజమండ్రి నుంచి హైదరాబాద్ ఫ్లైట్‌లో సామాను వెళ్ళాలి. ఏది బాగుపడుతుంది, ఏది పడదు?

పాతలెన్స్:
ముందు జిగురు సంగతి. అది మురికి కాదండీ, పూత చచ్చిపోయింది. నైలాన్ గుడ్డలోంచి నీళ్ళు దిగకుండా లోపలి వైపు పాలీయురెథేన్ పూత వేస్తారు. గాల్లో తేమ ఏళ్ళ తరబడి తగిలితే ఆ పూత రసాయనికంగా విరిగిపోతుంది. మొదట జిగట, తర్వాత పొలుసులు, పులిసిన వాసన. బాగా వాడే బ్యాగ్ కంటే బీరువాలో జిప్పులేసి మూసి పెట్టిన బ్యాగ్‌కే ఇది తొందరగా వస్తుంది, ఎందుకంటే లోపలి తేమకి బయటికి పోయే దారి ఉండదు. కాకినాడ, విశాఖ గాలికి అయిదేళ్ళంటే ఆశ్చర్యం లేదు.

పూతని తిరిగి బతికించలేం, తీసేయగలం. డివైడర్లు, లోపలి ప్లాస్టిక్ షీటు, అల్యూమినియం పట్టీలు బయటికి లాగండి. అర బకెట్ గోరువెచ్చని నీళ్ళలో వంద గ్రాముల వంటసోడా, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి గంట నానబెట్టి, నైలాన్ బ్రష్‌తో లోపలి గుడ్డ తోమండి. పూత ఉండలు ఉండలుగా లేస్తుంది. మిగిలిన జిగటని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో రుద్దితే వస్తుంది. ముందు మూలన ఒకచోట అద్ది రంగు పోతుందేమో చూసుకోండి. నీడలో రెండు రోజులు ఆరాలి, ఎండలో వద్దు. ఆ తర్వాత ఆ గుడ్డ వాన ఆపదు, రెయిన్ కవర్ తప్పనిసరి.

బాగు చేసే ముందు ఒక పరీక్ష ఉంది. గోడల్లోని స్పాంజిని బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. మెల్లగానైనా పైకి లేస్తే ఉతకండి. నొక్కిన గుంట అలాగే ఉండిపోయి లోపల పొడి కదిలినట్టు అనిపిస్తే స్పాంజి కూడా పోయింది, దాని మీద శ్రమ దండగ. అప్పుడు డివైడర్లు మాత్రం దాచుకోండి, కొత్త బ్యాగ్‌లో పనికొస్తాయి. ఈలోగా ఆ అరలో లెన్స్ పెట్టకండి. పొలుసు లెన్స్ బిగించే మౌంట్ మీంచి సెన్సార్ మీదికి చేరితే బ్లోయర్‌కి లొంగదు, జిగురు కదా.

ఇంకోటి, బ్యాగ్‌ని బీరువా అనుకోకూడదు. స్పాంజి తేమ పట్టి ఉంచుతుంది, లెన్స్‌కి ఫంగస్ వచ్చేది అక్కడే. ఇంట్లో సామాను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, చిన్న హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటర్) వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. డబ్బాలో తేమ పీల్చడానికి వేసే నారింజ రంగు సిలికా జెల్ ఆకుపచ్చకి తిరిగితే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేసి, మూతపెట్టి చల్లార్చి మళ్ళీ వాడుకోవచ్చు. కలరా ఉండలు మాత్రం వేయొద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లని మెత్తబెడుతుంది.

జిప్పు_రన్నర్:
జిప్పు వెనకాలే విచ్చుకుంటోందంటే పళ్ళు పోలేదు, రన్నర్ వెడల్పయింది. పళ్ళు పోతే ఎప్పుడూ ఒకేచోట విచ్చుకుంటుంది, అదీ గుర్తు. రన్నర్‌ని జిప్పు మొదట్లోకి తెచ్చి, వెనక అంచు రెండు పక్కలా పట్టకారుతో కొంచెం కొంచెంగా నొక్కండి. ఒక నొక్కు, ఒకసారి నడిపి చూడటం. ఒకేసారి బలంగా నొక్కితే రన్నర్ పుటుక్కున విరుగుతుంది. ఇది ఆరు నెలల మందు మాత్రమే. రన్నర్ వెనక వైపు 8 అనో 10 అనో అంకె ఉంటుంది. అదే అంకె, అదే రకం రన్నర్ తెచ్చి బ్యాగులు కుట్టేవాళ్ళకిస్తే చివర కుట్టు విప్పి ఎక్కిస్తారు. కాయిల్ జిప్పుకి (నైలాన్ తీగ చుట్లే పళ్ళుగా ఉండేది) మౌల్డెడ్ పళ్ళ (విడివిడి ప్లాస్టిక్ పళ్ళ) రన్నర్ పట్టదు, అంకె ఒకటే అయినా సరే.

పెళ్ళిళ్ళ సామానుకి జిప్పు శత్రువులు పసుపు, అక్షింతలు. తలంబ్రాల్లో కలిపే థర్మోకోల్ పూసలు ఇంకా ఘోరం. అవి నొక్కుకుపోయి పళ్ళ మధ్య కూర్చుంటాయి, వెల్క్రోలో దూరితే పిన్నుతో ఒక్కొక్కటీ ఏరాల్సిందే. పాత టూత్‌బ్రష్‌తో పొడిగా దులిపి, కొవ్వొత్తి ముక్క పళ్ళ మీద రుద్దండి. నూనె గానీ స్ప్రే గానీ వేశారంటే పసుపంతా దానికే అంటుకుంటుంది.

చక్రం మీది పొర కూడా ఆ పాలీయురెథేన్ బాపతే, అందుకే రెండూ ఒకే ఏడు పోయాయి. ఇరుసు స్క్రూదైతే విప్పి మార్చడమే. రివెట్ అయితే చక్రానికీ గూడుకీ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి కోసేయండి. పాత చక్రం వ్యాసం, వెడల్పు, ఇరుసు రంధ్రం మూడూ మిల్లీమీటర్లలో కొలిచాకే కొనండి. వ్యాసం 2 మిల్లీమీటర్లు పెరిగినా కొన్ని గూళ్ళలో రాసుకుంటుంది. ఇరుసు స్థానంలో రంధ్రానికి సరిపోయే బోల్టు, నైలాన్ లాక్‌నట్టు. మామూలు నట్టు వేస్తే రోడ్డు అదురుకి ఊడిపోతుంది. రెండు చక్రాలూ ఒకేసారి మార్చండి, లేకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది. లోపల 608 బేరింగ్ ఉంటే (మిల్లీమీటర్లలో 22 బయట, 8 లోపల, 7 మందం) స్కేటింగ్ సామాన్ల షాపులో దొరుకుతుంది. చక్రం బిగుసుకుపోతే ముందు ఇరుసు చూడండి. పూలదండల దారం చుట్టుకుని ఉంటుంది, కట్టర్‌తో కోస్తే సరి.

కాకినాడ_ఫ్రేమ్స్:
ఇద్దరికీ థ్యాంక్స్ అండీ. స్పాంజి లేస్తోంది, కాబట్టి ఉతుకుడే. రోలర్ ఖాళీగా తూకం వేస్తే 4.4 కేజీలు. చక్రాలు మార్చి ఫ్లైట్‌కి దాన్నే తీసుకెళ్ళొచ్చా? సోనీ ఎ7 ఫోర్ కెమెరా బాడీలు రెండు, లెన్సులు 24-70, 70-200 రెండూ జీఎం టూ, 35 జీఎం, గోడాక్స్ వీ1 ఫ్లాష్‌లు రెండు, విడి బ్యాటరీలు ఆరు.

తూకం_రాజు:
వద్దు తమ్ముడూ. క్యాబిన్‌కి చాలా ఎయిర్‌లైన్లలో 7 కేజీలే. లెక్క చూడు. బాడీలు రెండు 1316 గ్రాములు, 24-70 కి 695, 70-200 ట్రైపాడ్ కాలర్ తీసేస్తే 1045, 35 కి 524. ఫ్లాష్‌లు బ్యాటరీతో కలిపి 1060 దాకా. విడి బ్యాటరీలు ఒక్కోటి 83 చొప్పున 500. మొత్తం సుమారు 5.1 కేజీలు, హుడ్లు, క్యాపులు, ఛార్జర్ ఇంకా కలపలేదు. దీనికి 4.4 రోలర్ కలిస్తే తొమ్మిదిన్నర. అదే 1.6 కేజీల బ్యాక్‌ప్యాక్ అయితే 6.7. పైగా ఆ రూట్‌లో ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) వేస్తే పై అరలు చిన్నవి, గట్టి పెట్టె పట్టక విమానం మెట్ల దగ్గరే తీసుకుని కింద వేస్తారు. మెత్తటి బ్యాక్‌ప్యాక్ సీటు కిందకి తోసేయొచ్చు.

కింద వేసే పరిస్థితి వస్తే ముందు విడి బ్యాటరీలు చేతిలోకి తీసుకో. లిథియం విడి బ్యాటరీలు చెక్-ఇన్‌లో వెళ్ళకూడదు. ఒక్కోటి 100 వాట్-అవర్ లోపు ఉండాలి. 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతితో రెండే, 160 దాటితే లేదు. నీ కెమెరా బ్యాటరీ 16.4, దానితో గొడవే లేదు. వీడియో లైట్లకి వాడే పెద్ద వీ-మౌంట్ బ్యాటరీ ఉంటే దానితోనే చిక్కు. 14.8 వోల్టులని 10 ఆంపియర్-అవర్‌తో గుణిస్తే 148, అంటే అనుమతి కావాల్సిందే. 95 వాట్-అవర్ అని రాసినవి కొనుక్కోవడం మేలు. అంకె అరిగిపోయిన బ్యాటరీని సెక్యూరిటీలో ఆపేస్తారు, కాబట్టి లేబుల్ మీద పారదర్శక టేపు వెయ్యి. టెర్మినల్స్‌కి క్యాపో టేపో ఉండాలి.

లైట్‌స్టాండ్:
రోలర్‌ని పారేయకండి, లైట్ల సామానుకి పెట్టండి. దాని చోటు కారు డిక్కీ, ఫంక్షన్ హాలు పాలరాయి. కానీ స్టాండ్లు, సాఫ్ట్‌బాక్సులు, శాండ్‌బ్యాగులు అన్నీ ఒకే ట్రిప్పులో అంటే మడత ట్రాలీయే దిక్కు. గుడ్డ తొట్టి రకం కొంటారు చాలామంది. అందులో సామాను మధ్యకి జారి, పొడుగు స్టాండ్లు ఒక పక్కకి వాలి, ర్యాంపు మలుపులో బండి తిరగబడుతుంది. అడుగు గట్టిగా, పొడవు మార్చుకునేలా ఉండే ఇనుప ఫ్రేమ్ రకం చూడండి. వెనక చక్రాలు కనీసం 8 అంగుళాలు ఉండాలి, 4 అంగుళాలవి గుమ్మం అంచు దగ్గరే ఆగిపోతాయి, లాన్‌లో దిగబడతాయి. శాండ్‌బ్యాగులు అడుగున, వెనక ఇరుసు మీదికి. స్టాండ్లు పొడుగ్గా, వాటి మీద బెల్టు. సాగే తాడుతో కట్టకండి, గతుకు పడ్డప్పుడల్లా సామాను ఎగురుతుంది. ర్యాంపు దిగేటప్పుడు బండి మీకంటే ముందు కిందకి ఉండాలి, మీరు వెనక నుంచి పట్టుకుని ఆపుతూ దిగాలి. ముందు మీరుంటే మడమల మీదికి వస్తుంది.

కాకినాడ_ఫ్రేమ్స్:
చక్రం కొలిచాను: 50 వ్యాసం, 18 వెడల్పు, 6 రంధ్రం, ఇరుసు రివెట్. ఆదివారం కోస్తాను. బ్యాక్‌ప్యాక్ ఇప్పుడే వంటసోడా నీళ్ళలో వేశాను, నీళ్ళు అప్పుడే టీ రంగుకి తిరిగాయి.